మా ఆవిడకండి

తాగిన కాఫీ గ్లాసు సింకులో పెట్టడం కూడా ఎరగని మనిషి, ముప్పై రెండేళ్ళ కాపురం అయ్యాక ఒక పొద్దున్న తన లుంగీ తనే జాడించి దండెం మీద ఆరేసుకున్నాడు. ఉమామహేశ్వరానికి అనుమానం మొదలైంది ఆ రోజే.

పెరటి గుమ్మంలో బట్టల బకెట్టు పట్టుకుని నిలబడి చూసింది. లుంగీ సరిగ్గా పిండలేదు, నీళ్ళు ధారగా కారుతున్నాయి. "మంచం మీద మంచినీళ్ళు ఒలికాయి," అన్నాడు సూర్యనారాయణ, ఆవిడేమీ అడక్కుండానే. అడక్కుండా వచ్చే జవాబంటే మహేశ్వరానికి మొదట్నుంచీ నమ్మకం లేదు. ఆయన యానాంలోనే గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. అడిగినదానికే మూడు రోజులకు గానీ బదులివ్వడని ఆఫీసులో పేరు. అలాంటి మనిషి మంచినీళ్ళ గురించి సంజాయిషీ ఇస్తున్నాడంటే అవి మంచినీళ్ళు అయి ఉండవు.

అరవై మూడేళ్ళ మొగుడు చాటుగా బట్టలుతుక్కుంటుంటే ఏ ఆడదైనా ఏమనుకుంటుందో ఆవిడా అదే అనుకుంది. దానికి తగ్గట్టే మిగతావీ కనిపించడం మొదలెట్టాయి. ఫోను బోర్లా పెడుతున్నాడు. వేరే గదిలో పడుకుంటున్నాడు, నీ గురక భరించలేకపోతున్నానంటూ. రెండు గురువారాలకోసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని కాకినాడ వెళ్తున్నాడు. ఏం పనండీ అంటే పెన్షన్ పని అంటాడు. ఆ మాట ఏ కాకినాడ మనిషితోనో చెబితే నమ్మేవారేమో గానీ, యానాంలో పుట్టి పెరిగిన మహేశ్వరం ఎలా నమ్ముతుంది? యానాం పాండిచ్చేరి కిందికి వస్తుంది, ఆయన పెన్షన్ ఇచ్చేదీ ఆ గవర్నమెంటే. ఆ కాగితాలకీ కాకినాడకీ ఏం సంబంధం? ఆ మాత్రం ఆలోచించకుండా అబద్ధమాడాడంటే ఈవిడకి అంత బుర్ర లేదనైనా అనుకుని ఉండాలి, లేదా ఆయన బుర్ర ఇంకెక్కడో ఉండి ఉండాలి. చొక్కాలు వాసన చూసింది. జేబులు వెతికింది. బస్సు టిక్కెట్లు తప్ప ఏమీ దొరకలేదు. చొక్కాల నిండా డెట్టాలు కంపు. ఏ ఆడది మొగుడికి డెట్టాలు రాసి పంపిస్తుందో ఆవిడకి అంతు పట్టలేదు.

ఇదిలా ఉండగానే అన్నవరం ప్రయాణం వచ్చింది. కనకాలపేటలో ఉండే ఆయన అక్క రమణమ్మ మనవడికి వ్రతం, వ్యానులో పదిహేను మంది. పిఠాపురం దాటాక సూర్యనారాయణ ముందుకు వంగి డ్రైవరు చెవిలో ఏదో చెప్పాడు. వ్యాను రోడ్డు పక్కన ఆగింది. అందరూ మహేశ్వరం వైపు చూశారు. "దిగవే, మొహమాటపడకు. నీ కోసమే ఆపించాడు," అంది రమణమ్మ. మహేశ్వరానికి దిగాల్సిన అవసరం ఏమీ లేదు. కానీ అంతమంది అలా చూస్తుంటే కూర్చోలేక దిగింది. "నేను తోడు వెళ్తాను," అంటూ ఆయనా దిగాడు. ఆవిడ తుమ్మచెట్ల దగ్గర ఊరికే నిలబడితే ఆయన ఆ వెనక్కి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. తిరుగు ప్రయాణంలో ఇంకో రెండుసార్లు ఇదే జరిగింది. ఆ సాయంత్రం మహేశ్వరం కాస్త మెత్తబడింది కూడా. ఇన్నేళ్ళకి పెళ్ళాం అవసరం కనిపెట్టి బండి ఆపించాడు, పాపం ఆ కనిపెట్టడమే తప్పైంది, అనుకుంది. ఆ మెత్తబడడం గుర్తొస్తే ఇప్పటికీ తన మీద తనకి అసహ్యం.

మహేశ్వరానికి సొంతమంటూ ఒక పని ఉంది. సారె పిండివంటలు చేస్తుంది. ఫరంపేట నుంచి అడవిపొలం దాకా ఏ ఇంట్లో ఆడపిల్లను అత్తారింటికి పంపినా, ఆ సారె బుట్టల్లోని సున్నుండలూ అరిసెలూ మైసూరుపాకూ ఆవిడ చేతివే. సారె అంటే ఊరికే మిఠాయి కాదు. పెళ్ళికూతురి అత్తగారు వీధి వీధంతా పంచుతుంది, వీధి వీధంతా కొరికి చూసి కోడలి పుట్టింటికి మార్కులు వేస్తుంది. అందుకని చేసే మనిషి శుభ్రం గురించి పట్టింపు ఎక్కువ. మహేశ్వరం తలారా స్నానం చేసి తడి జుట్టు ముడేసుకుని గానీ పిండి ముట్టుకోదు. ఆయన సంపాదనతో ఇల్లు నడిచింది, నిజమే, ఆవిడ కాదనదు. కానీ "మహేశ్వరం గారి చెయ్యి" అని ఊళ్ళో అంటారే, ఆ మాట మాత్రం ఆవిడ ఒక్కత్తిది. ఫలానావారి భార్య, ఫలానావారి కోడలు, దుర్గాశ్రీ వాళ్ళమ్మ, ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఆ మాటే.

ఆ కార్తీకంలో ఒక్క ఆర్డరూ రాలేదు.

ముందు ఊళ్ళో కొత్తగా పెట్టిన స్వీటు షాపు మీద అనుమానపడింది. తర్వాత తన దగ్గర పని నేర్చుకుని వెళ్ళిపోయిన పిల్ల మీద. రొయ్యల చెరువుల వెంకటరాజు గారి భార్య దుర్గాభవాని, తన కూతురు సాయిదివ్య పెళ్ళికి సారె మొత్తం మీదేనండి అని శ్రావణంలోనే మాటిచ్చింది. కార్తీకం వెళ్ళాక మహేశ్వరమే ఫోను చేసి మినుములు ఎప్పుడు తెప్పించనమ్మా అని అడిగింది.

"ఆయ్, అదేనండి, కాకినాడలో ఇచ్చేశామండి. మీకు చెబుదామనే అనుకుంటున్నాను."

"మొన్న వినాయకచవితికి పంపిన ఉండ్రాళ్ళు బాగోలేదా అమ్మా?"

"అయ్యో అలాంటిదేం లేదండి. మీ ఒంట్లో బాగోట్లేదు కదండి పాపం. అంతసేపు పొయ్యి దగ్గర మీకెందుకండి కష్టం. ముందు ఆరోగ్యం చూసుకోండి."

నాకేమైందమ్మా అని మహేశ్వరం అడిగేలోపు ఫోను పెట్టేసింది. ఆ మధ్యాహ్నం తను చేసి దాచుకున్న సున్నుండ ఒకటి తీసి నోట్లో వేసుకుంది. నెయ్యి కారలేదు, మినుములు మాడలేదు. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. జనం మీద అనుమానం అయిపోయి తన మీదే తనకి అనుమానం రావడం అదే మొదలు. పెద్దదాన్నవుతున్నాను, నాకు తెలియకుండా నా దగ్గర ఏదైనా కంపు కొడుతోందా? మొన్న పెళ్ళిలో నా ఒళ్ళో కూర్చున్న పసిపిల్లని వాళ్ళమ్మ వచ్చి ఎందుకు తీసుకుపోయింది? భోజనాల దగ్గర నన్ను ఏరికోరి బాత్రూం పక్క కుర్చీలోనే ఎందుకు కూర్చోబెట్టారు? రోజుకి రెండు పూటలా చేసే స్నానం మూడు పూటలైంది. కాలవ ఒడ్డున కూర్చుని చేపలమ్మే వాళ్ళు కూడా తనని చూసి ఏదో అనుకుంటున్నట్టే ఉండేది.

సంగతి బయటపడింది మందుల షాపులో. మోకాలికి రాసుకునే ఆయింట్‌మెంటు కోసం వెళ్ళింది. కౌంటరు దగ్గర చర్చి వీధి తెరేసా ఉంది, పాతికేళ్ళ పిల్ల, మంచిది. ఆయింట్‌మెంటు ఇచ్చి, అటూ ఇటూ చూసి, కింద నుంచి పేపరు చుట్టిన పెద్ద ప్యాకెట్టు ఒకటి తీసింది.

"ఆంటీ, ఇవి కొత్త కంపెనీవండి. పాతవి ఒరుసుకుంటున్నాయన్నారంట కదా మీరు. అంకుల్ గారు చెప్పారు. ఇవి మెత్తగా ఉంటాయండి."

"ఏవి తల్లీ?"

తెరేసా గొంతు తగ్గించింది. "డైపర్లండి. మీ సైజే."

షాపులో ఇంకెవరూ లేరు. అయినా మహేశ్వరానికి తన వెనకాల ఊరంతా నిలబడి వింటున్నట్టు అనిపించింది. "ఎన్నాళ్ళ నుంచి తీసుకెళ్తున్నారు ఆయన?" అంది.

"నేను ఇక్కడ చేరిన దగ్గర్నుంచీ అండి, ఏడాది దాటింది. ఎంతమంది ఉన్నా 'మా ఆవిడకండి' అని అడిగి తీసుకుంటారండి, ఏమాత్రం సిగ్గుపడరు. ఎంతమంది మగాళ్ళు అలా చేస్తారు చెప్పండి. మా అమ్మతో అంటూ ఉంటాను, భర్తంటే అలా ఉండాలని."

మహేశ్వరం ప్యాకెట్టు తీసుకుంది. "ఇవి సరిపోతాయిలే," అంది కూడా. ఎందుకలా అందో తర్వాత ఎంత ఆలోచించినా తెలియలేదు. ముప్పై రెండేళ్ళుగా ఆయన మాట పోకుండా అడ్డుపడడం అలవాటైపోయిన నోరు, ఆవిణ్ణి అడక్కుండానే అనేసింది.

గోదావరి గట్టు వెంబడి నడుస్తుంటే ఒక్కొక్కటే ముడి విడిపోయింది. లుంగీ. వ్యాను. బాత్రూం పక్క కుర్చీ. దుర్గాభవాని జాలి. మూత్రం ఆపుకోలేని మనిషి చేసిన సారె ఎవరు తింటారు, ఎవరు వియ్యాలవారికి పంపుతారు? మొదట కాస్త ఊపిరి పీల్చుకున్న మాట నిజమే, వేరే ఆడది లేదని. నాలుగడుగులు వేసేసరికి అదీ పోయింది. వేరే ఆడది ఉన్నా బాగుండేది అనుకుంది. ఆ తప్పు కనీసం ఆయన పేరు మీద ఉండేది.

మధ్యాహ్నం అన్నం వడ్డించి, పెరుగు గిన్నె పక్కన ఆ ప్యాకెట్టు పెట్టింది. సూర్యనారాయణ దాన్ని చూసి ఇంకో రెండు ముద్దలు తిన్నాడు.

"ఇవి నాకంట కదా," అంది మహేశ్వరం.

"నెమ్మదిగా మాట్లాడు. కిటికీ తీసుంది."

"మీకు బాగోకపోతే నాకు చెప్పొచ్చు కదా. నాకు."

"నువ్వు కంగారు పడతావని చెప్పలేదు."

"ఊరందరికీ మాత్రం చెప్పారు, నాకని."

"ఊరందరికీ ఎక్కడ? అవసరమైన చోట చెప్పాను. పిల్లలు పుట్టాక ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలే కదా, ఎవరూ ఏమీ అనుకోరు. మగాడికని తెలిస్తే అలా ఉండదు. ఇంక వీడు మగాడే కాదంటారు. ఆఫీసులో నా కింద పనిచేసిన వాళ్ళందరూ ఈ ఊళ్ళోనే ఉన్నారు."

"నా ఆర్డర్లన్నీ పోయాయి."

"ఈ వయసులో సున్నుండల గొడవ ఎందుకు? నిన్ను పోషించట్లేదా నేను? రెస్టు తీసుకో."

ఆవిడ ఆయన కంచంలో పెరుగు వేసింది. దాన్నే ఒప్పుకోలు కింద జమ కట్టుకుని ఆయన మిగతాది చెప్పుకొచ్చాడు. ప్రోస్టేటు గ్రంథి బాగా పెరిగిపోయింది. నెల్లాళ్ళ కిందట కాకినాడలో ఉండగా మూత్రం పూర్తిగా ఆగిపోతే గొట్టం వేసి తీశారు. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన చెయ్యి వణికింది, అన్నం మెతుకులు కంచం బయట పడ్డాయి. అంత నొప్పిలో ఒక్కడే ఆసుపత్రి బల్ల మీద పడుకున్నాడంటే మహేశ్వరానికి జాలేసింది. ఆ వెంటనే ఈ వణుకు కూడా నాకు చూపించడానికేనా అని అనుమానం వచ్చింది. అనుమానం ఒకసారి ఇంట్లోకొచ్చాక జాలిని కూడా తిన్నగా పడనివ్వదు.

ఇప్పుడు లేజరు ఆపరేషనట. కోత ఉండదు, కుట్లు ఉండవు. పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు, ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు. "మూడో కంటికి తెలియదు. అడిగినవాళ్ళకి నీకే చిన్న ఆపరేషనని చెప్పేద్దాం," అన్నాడు.

"చెప్పేద్దామా, చెప్పేశారా?"

"అక్కకి చెప్పాను. మిగతావాళ్ళకి అక్క చెప్తుంది. నువ్వేమీ చెయ్యక్కర్లేదు. వచ్చాక రెండు రోజులు హాల్లో మంచం మీద పడుకుంటే చాలు. చూడ్డానికొచ్చేవాళ్ళు చూసి వెళ్ళిపోతారు. నేను లోపల గదిలో ఉంటాను."

"మరి వచ్చినవాళ్ళకి కాఫీ ఎవరు పెడతారు?"

ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ఆ ఒక్కటీ ఆయన లెక్కలోకి రాలేదు.

వెళ్ళకుండా ఉండలేకపోయింది. మనిషికి బాగోకపోతే ఏ పంతమైనా తర్వాతే. గురువారం తెల్లారుతూనే కారులో కాకినాడ చేరారు. డాక్టరు కుర్రవాడు, నిదానంగా మాట్లాడాడు. సన్నని గొట్టం మూత్రనాళంలోంచి పంపించి, పెరిగిన కండని లేజరుతో తొలిచేస్తామని బొమ్మ గీసి చూపించాడు. నడుం కింద మత్తిస్తారు. ఒకట్రెండు రోజులు గొట్టం, మూత్రం పట్టే సంచీ ఉంటాయి. మొదట్లో మూత్రం ఎర్రగా వస్తుంది, నీళ్ళు బాగా తాగాలి, బరువులెత్తకూడదు. అంతా చెప్పి ఎన్నాళ్ళుగా ఇబ్బంది అని అడిగాడు.

"మూడు నాలుగు నెలలండి," అన్నాడు సూర్యనారాయణ.

డాక్టరు ఫైలు తిరగేశాడు. "రెండేళ్ళ కిందటి స్కానింగు ఉందండి ఇందులో. అప్పుడే సరిగ్గా మందులు వాడుంటే మూత్రం బిగుసుకుపోయేదాకా వచ్చేది కాదేమో."

"ఎవరికీ చెప్పుకోలేకపోయానండి."

మహేశ్వరం ఆయన ముఖం వైపు చూసింది. చెప్పుకోలేకపోలేదు ఈయన. మందుల షాపులో చెప్పుకున్నాడు, వ్యాను డ్రైవరుకి చెప్పుకున్నాడు, పెళ్ళి భోజనాల దగ్గర కుర్చీలు వేసేవాళ్ళకి చెప్పుకున్నాడు. ఒళ్ళు మాత్రం తనది కాదన్నాడు. లేని ఒంటికి వైద్యం ఎలా జరుగుతుంది?

నర్సు కాగితాలు తెచ్చి పేషెంటు సంతకం ఇక్కడ, అటెండెంటు సంతకం ఇక్కడ అంది. మహేశ్వరం కళ్ళజోడు పెట్టుకుని మొదటి లైను నుంచి చదవసాగింది. "అందరికీ ఒకటే ఫారమండి, పెట్టేయండి," అంది నర్సు. "చదువుతానమ్మా," అంది ఈవిడ. పేషెంటు పేరు సూర్యనారాయణ, వయసు అరవై మూడు, పురుషుడు. ఆ లైను రెండుసార్లు చదువుకుంది. ఏడాదిగా తన మీద తిరుగుతున్న జబ్బు ఎవరిదో తేటతెల్లంగా రాసి ఉన్న చోటు లోకంలో అదొక్కటే. సంతకం పెట్టింది. ఆయన మణికట్టుకి అదే పేరుతో పట్టీ వేసి లోపలికి తీసుకెళ్ళారు.

గంటన్నరలో అయిపోయింది. బయటికి తెచ్చి పడుకోబెట్టాక, సంచీ ఎలా ఖాళీ చెయ్యాలో, ఎంత వచ్చిందో ఎలా చూడాలో నర్సు మహేశ్వరానికి నేర్పించబోయింది. "ఆయనకి నేర్పించమ్మా, చేతులు బాగానే ఉన్నాయిగా," అంది మహేశ్వరం. నర్సు నవ్వేసి, "మగవాళ్ళు చెయ్యరండి, మీరే చూసుకోవాలి," అని నేర్పించేసి వెళ్ళిపోయింది.

ఆయన మగతలో ఉండగా ఆవిడ చేతిసంచీలో ఉన్న ఆయన ఫోను మోగింది. రమణమ్మ.

"అయిపోయిందా? ఎలా ఉన్నాడే వాడు?"

"ఎవరు వదినా? ఆపరేషన్ నాకు కదా," అంది మహేశ్వరం, చూద్దామని.

రమణమ్మ నవ్వింది. "నా దగ్గరెందుకే నాటకం. సూరికి ఆ ఉపాయం చెప్పిందే నేను. మా నాన్నకీ ఇదే బాధ, పదేళ్ళు పడ్డాడు. అమ్మ తనకేనని చెప్పేది అందరికీ. ఎంత గుట్టుగా నెట్టుకొచ్చింది మహాతల్లి. పోయేదాకా పెదవి విప్పలేదు, నాన్న పరువు గడప దాటనివ్వలేదు. నువ్వు రెండు రోజులు మంచమెక్కలేవా? రేపు పొద్దున్న దుర్గాభవానినీ వాళ్ళనీ తీసుకొస్తాను. నీరసంగా ఉండు కాస్త."

ఫోను ఎప్పుడు పెట్టేసిందో మహేశ్వరానికి తెలియదు. ఎదురుగా గోడ మీద చేతులు కడుక్కునే విధానం బొమ్మలు వేసి ఉన్నాయి, వాటినే చూస్తూ కూర్చుంది. అత్తగారు. ఇరవై రెండేళ్ళ కోడలిగా తను ఆ ఇంట్లో కాలుపెట్టేనాటికి ఫరంపేటలో సారె అంటే అత్తగారి చెయ్యే. ఆవిడ దగ్గరే తను పాకం చూడడం నేర్చుకుంది. అప్పటికే రోజూ పొద్దున్నే దండెం మీద దుప్పట్లు ఆరుతుండేవి. పెద్దావిడకి ఆపుకోలేని జబ్బని తనతో మొదట చెప్పింది ఈ రమణమ్మే. తన కూతురు దుర్గాశ్రీ బారసాలనాడు లడ్డూలు కట్టడానికి అత్తగారు పీట వేసుకుని కూర్చోబోతే, చుట్టాలందరూ చూస్తుండగా తనే అంది, "మీరు ముట్టుకోకండి అత్తయ్యగారూ, నేను చేసుకుంటాను," అని. ఆవిడ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చేతికి ఏమీ అంటలేదు, అయినా కొంగుతో తుడుచుకుంది. లేచి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ పిండి దగ్గరికి రాలేదు. ఆవిడ ఆర్డర్లు ఒక్కొక్కటే కోడలికి వచ్చాయి. అందరూ మెచ్చుకున్నారు, అత్తగారి విద్య నిలబెట్టిందని.

నిలబెట్టలేదు, లాక్కున్నాను, అనుకుంది మహేశ్వరం. ఆవిడ ఒక్కసారి నాతో నిజం చెప్పి ఉంటే. నేను ఒక్కసారి అడిగి ఉంటే. మావగారు అదే అరుగు మీద పేపరు చదువుకుంటూ అంతా చూశారు, ఒక్క మాట అనలేదు. మహేశ్వరం ఏడవడం మొదలుపెట్టింది. పక్క మంచం పేషెంటు తాలూకు మనిషి వచ్చి, ఏం పర్లేదమ్మా, మీ ఆయనకి తగ్గిపోతుంది అని ధైర్యం చెప్పాడు.

సాయంత్రానికి ఇల్లు చేరారు. దారిలో సూర్యనారాయణ వెనక సీట్లో వాలి కూర్చుని, సంచీ తువ్వాలు కింద దాచుకుని, "హాల్లో మంచం వెయ్యడం మర్చిపోకు," అన్నాడు. ఆవిడ అలాగేనంది. అది కూడా నోటి అలవాటే.

పొద్దున్న ఆయనకి ముఖం కడిగించి, సంచీ ఖాళీ చేసి, నీళ్ళ సీసా అందించింది. మూత్రం రంగు తేటపడింది. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"వాళ్ళు పదింటికి వస్తారంట. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"ఏం చెప్పడం?"

"ఆపరేషన్ ఎవరికో."

ఆయన కాసేపు ఆవిడ ముఖంలోకి చూశాడు, వేళాకోళమేమోనని. "నీకేమైనా పిచ్చా? నిన్నటిదాకా బాగానే ఉన్నావుగా. ఒక్క రెండు రోజులు మహేశ్వరం. అమ్మ ఎన్నేళ్ళు..." అని ఆగిపోయాడు.

"మీకూ తెలుసు అయితే," అంది ఆవిడ.

ఆయన గోడవైపు తిరిగాడు. మహేశ్వరానికి కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. జబ్బు చేసిన మనిషి వీపు, చొక్కా లోంచి ఎముకలు కనిపిస్తున్నాయి. జబ్బులో సిగ్గేముంది, అది ఎవరికైనా వస్తుంది, నేను చేస్తాను మీకు, తగ్గేదాకా చేస్తాను, అని చెబుదామనుకుంది. కానీ ఆ మాట చెప్పకుండానే ఎన్నోసార్లు చేసింది, అందుకని చెప్పలేదు. "తలుపు వేసి వెళ్తాను. మీకు వినపడుతుంది," అని మాత్రం అంది.

తలారా స్నానం చేసింది. తడి జుట్టు ముడేసుకుంది. హాల్లో మంచం మడత పెట్టి గోడకి ఆనించి, కుర్చీలు వేసింది.

పదింటికి రమణమ్మ వచ్చింది. వెనకాల దుర్గాభవాని, వెంకటరాజు గారి అన్నగారి భార్య, పక్కింటావిడ. చేతుల్లో పళ్ళూ హార్లిక్సూ. గుమ్మంలో నిలబడ్డ మహేశ్వరాన్ని చూసి రమణమ్మ నొసలు ముడేసింది. "అదేంటే లేచి తిరుగుతున్నావు? పడుకోమన్నారుగా."

"రండి, కూర్చోండి," అంది మహేశ్వరం.

కూర్చున్నారు. దుర్గాభవాని కుర్చీ అంచున కూర్చుంది. "ఎలా ఉందండి ఇప్పుడు? పాపం ఎంత అవస్థపడ్డారో. మీరు నిలబడకండి, కూర్చోండి ముందు."

"నాకేమీ అవ్వలేదమ్మా," అంది మహేశ్వరం. గొంతు తను అనుకున్నంత గట్టిగానే వచ్చింది. "ఆపరేషన్ అయింది మా ఆయనకి. ప్రోస్టేటు. ఆ వయసు మగాళ్ళకి చాలామందికి వచ్చేదేనంట, డాక్టరు గారు చెప్పారు. బాగానే ఉన్నారు, లోపల పడుకున్నారు. మందుల షాపులో తీసుకున్నవన్నీ ఆయనకే. వ్యాను ఆపించింది ఆయన కోసమే. నాకు ఆ జబ్బు ఏనాడూ లేదు."

లోపలి గదిలో మంచం కిర్రుమంది. పక్కింటావిడ చేతిలో హార్లిక్సు సీసా ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. దుర్గాభవాని ఎర్రబడిన ముఖంతో రమణమ్మ వైపు చూసింది.

"మహేశ్వరం," అంది రమణమ్మ, పళ్ళు బిగబట్టి. "ఇంక చాలు."

మహేశ్వరం ఆవిడ వైపు తిరిగి, ఆవిడ కళ్ళలోకే చూస్తూ అంది.

"అత్తయ్యగారికీ లేదు వదినా."